చలికాలంలో ఆర్కిడ్లకు ఎరువు ఆపండి

వేసవి, చలికాలం అన్న తేడా లేకుండా ఆర్కిడ్లకు రోజూ నీళ్లు పోయమని, వారం వారం 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే ఎరువు) చల్లమని చెప్పే సలహాను నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. చాలా ఇళ్లలో ఆర్కిడ్లు కుళ్లిపోవడానికి, బతికినవి పూయకపోవడానికి ఈ సలహాయే కారణమని నా నమ్మకం.

సిక్కిం రాష్ట్ర పుష్పమైన డెండ్రోబియం నోబిలే అనే ఆర్కిడ్ సంగతే చూడండి. హిమాలయాల దిగువ అడవుల్లో చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగే ఈ మొక్కకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా జోరువానలు, ఆ తర్వాత నెలల తరబడి చలి, పొడిగాలి అలవాటు. వానల్లో కాండాల్లో దాచుకున్న నీటితోనే అది చలికాలం నెట్టుకొస్తుంది, చాలావరకు ఆకులు రాల్చి, చలి తగ్గే వేళకు కణుపుల దగ్గర మొగ్గ తొడుగుతుంది. ఆ సమయంలో నత్రజని అందితే మొగ్గ రావలసిన చోట పిలకలు వస్తాయి. ఆకు రాలిందని, కాండం కాస్త ముడతపడిందని కంగారుపడి ఎరువు వేయడమంటే ఆ ఏడాది పూలను చేతులారా పోగొట్టుకోవడమే. నవంబరు నుంచి మొగ్గలు స్పష్టంగా కనిపించేదాకా దీనికి ఎరువు వద్దు. కాండం మరీ వడలిపోకుండా అప్పుడప్పుడు కొద్దిగా నీళ్లు చాలు. బజారులో ఎక్కువగా దొరికే ఊదారంగు సంకర డెండ్రోబియంలు మాత్రం వెచ్చదనం కోరేవి కాబట్టి వాటిని ఇంతగా ఎండగట్టకూడదు.

ఫెలనాప్సిస్ అనే మరో రకం ఆర్కిడ్‌కు నీరు దాచుకునే కాండాలే లేవు. దాని వేళ్ల మీది స్పాంజి లాంటి పొర తడిగా ఉంటే ఆకుపచ్చగా, ఆరితే వెండిరంగులో కనిపిస్తుంది. తేదీలు లెక్కపెట్టుకోకుండా ఆ రంగు చూసి, ఉదయం పూటే, మొవ్వులో నీరు నిలవకుండా పోయాలి. హైదరాబాదులో డిసెంబరు రాత్రులు తరచూ 15 డిగ్రీల కంటే దిగువకు పోతాయి. చల్లటి కుండీలో తడి ఆరక వేళ్లు కుళ్లేది అప్పుడే. కొత్త ఆకు వస్తుంటేనే నెలకోసారి పావు మోతాదు ఎరువు ఇవ్వండి, లేదంటే అదీ వద్దు. మొక్క వాడుకోని లవణాలు వేరు కొనలను మాడుస్తాయి. బోరునీళ్లు ఉప్పగా ఉన్నచోట ఈ నష్టం రెట్టింపవుతుంది.

వేళ్లు గాలిలో వేలాడే వాండా అనే ఆర్కిడ్‌కు నీళ్లలో ఈ పొదుపు పనికిరాదు. చలికాలంలోనూ దాని వేళ్లను ఉదయాన్నే తడపాలి.

ఇంత తేడా ఉన్న మొక్కలన్నింటినీ ఉత్త ‘ఆర్కిడ్’ అన్న చీటీతో అమ్మడం కొనేవారికి అన్యాయం. నర్సరీలవారు జాతి పేరు, చలికాలపు నీటి పద్ధతి తెలుగులో రాసి ఇవ్వాలి, మనమూ అడిగి రాయించుకోవాలి.