సవరణ: ఏజెన్సీ బడులన్నిటికీ 5 పాయింట్లు కాదు

ఆంధ్రప్రదేశ్ టీచర్ల బదిలీల గురించి మొన్న రాస్తూ, ఏజెన్సీ మండలాల్లో పనిచేసే టీచర్లందరికీ ఏడాదికి 5 స్టేషన్ పాయింట్లు (పనిచేసే చోటును బట్టి బదిలీల కోసం లెక్కించే పాయింట్లు) వస్తాయని చెప్పాను. అది తప్పు. ఈ పాయింట్ల కోసం బడులను నాలుగు కేటగిరీలుగా విడదీస్తారు. ఆ కేటగిరీ మండలాన్ని బట్టి కాదు, బడి ఉన్న ఊరిని బట్టి ఉంటుంది. ప్రభుత్వ బదిలీ ఉత్తర్వులు మళ్లీ చదివాక రాస్తున్నాను.

మొదటి మూడు కేటగిరీలకు ఆధారం ఆ ఊరి ఇంటి అద్దె అలవెన్సు. వాటికి ఏడాదికి వరుసగా 1, 2, 3 పాయింట్లు. అన్ని కాలాల్లో నడిచే రోడ్డు లేని ఊళ్లు, కొండమీది ఊళ్లు నాలుగో కేటగిరీ. 5 పాయింట్లు వాటికే. అందుకే మన్యంలో తారురోడ్డు పక్కనున్న బడికీ, వాగు దాటి కొండెక్కాల్సిన బడికీ పాయింట్లు ఒకటి కావు. ఆ తేడా న్యాయమే అనిపిస్తుంది నాకు, వానాకాలంలో అలాంటి బడికి వెళ్లినవాళ్లకు తెలుసు.

ఇంకొకటి: ఇవి డబ్బు కావు. నా పోస్టు చదివి జీతం పెరుగుతుందనుకున్నవాళ్లున్నారు. పాయింట్లు ఎక్కువుంటే బదిలీ కౌన్సెలింగులో ముందు వరుసలో ఉండి ఖాళీ ఎంచుకోవచ్చు, అంతే. పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను.