చేప కాదు బాబూ, ఛేప

నిన్న మధ్యాహ్నం ఒడిశా సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడిలో ఒక కొరియర్ కౌంటర్ ముందు అరగంట నిలబడి, నా ఉమ్మి చేప కాదని రుజువు చేసుకున్నాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

నాది టిఫిన్ సెంటర్. ఇరవై రెండేళ్లుగా పెనం ముందు నిలబడే బతుకు. ఎడమ పిక్క మీద నరాలు వానపాముల్లా ఉబ్బి మెలికలు తిరిగాయి. వెరికోస్ వీన్స్ అన్నారు డాక్టరుగారు. కాళ్లలోంచి పైకెక్కే రక్తం వెనక్కి జారకుండా లోపల చిన్న చిన్న తలుపులుంటాయట, అవి వదులైతే రక్తం కిందే నిలిచిపోతుందట. బిగుతు మేజోళ్లు వేసుకోమని, కాళ్లు ఎత్తి పెట్టుకోమని చెప్పి పంపేశారు. నేను అక్కడితో ఊరుకునేదాన్నే. కానీ మా అప్ప కొడుకు హైదరాబాదులో జీన్ల ల్యాబులో పనిచేస్తాడు, వాడు ఊరుకోడు.

"పిన్నీ, నిలబడడం ఒక్కటే కాదు, నీ పొడుగు కూడా కారణమే" అన్నాడు ఫోన్లో. యూకే బయోబ్యాంక్‌లో దాదాపు 5 లక్షల మంది వివరాలు, జీన్ల డేటా దాచి ఉంచారట. 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు దాన్ని జల్లెడ పడితే, ఈ జబ్బుతో ముడిపడ్డ చోట్లు జీన్లలో కొత్తగా 30 దొరికాయట. పొడుగు సంగతీ అక్కడే తేలిందట. పొడుగు జీన్లు పుట్టుకతోనే వచ్చేస్తాయి, తర్వాత మనం ఏం తిన్నా ఎక్కడ నిలబడ్డా మారవు. అవి ఎక్కువగా ఉన్నవాళ్లకే ఈ నరాలూ ఎక్కువగా వస్తుంటే, పొడుగు పక్కన నిలబడ్డ సాక్షి కాదు, ముద్దాయే అని వాడి వాదన.

నేను 5 అడుగుల 9 అంగుళాలు. దీని మూలంగా మూడు సంబంధాలు తప్పిపోయాయి. నాలుగో ఆయన పెళ్లి ఫోటోలో పీట మీద నిలబడ్డాడు. ఇప్పుడు నరాలు కూడా దీని ఖాతాలోకే. మా అమ్మా పొడుగే, ఆవిడ కాళ్ల మీదా ఇవే నీలం తాళ్లు. మా అప్ప పొట్టి, దాని కాళ్లు అరటిబోదెల్లా నున్నగా ఉంటాయి. అందుకని జీన్లు చూడ్డానికి ఇంటిల్లిపాదీ ఉమ్మి పంపాలట.

ట్యూబు వచ్చింది. అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. గీత దాకా ఉమ్మాలి, నురగ లెక్కలోకి రాదు. ఉసిరికాయ పచ్చడి తలుచుకుంటూ ఎలాగో నింపాను.

ఇక కౌంటర్. అక్కడి కుర్రాడు కటకం నుంచి కొత్తగా వచ్చాడు. డబ్బా అటూ ఇటూ తిప్పి, ఎంతో ముచ్చటగా తెలుగులో అడిగాడు, "లోపల ఏమి ఉన్నది, మాఉసీ?"

పరాయి ఊరి పిల్లాడు నా కోసం తెలుగు నేర్చుకుని మాట్లాడుతుంటే, నేను వాడి భాషలో జవాబు చెప్పడం మర్యాద కదా. ఒడియాలో ఉమ్మిని ఛేప అంటారు. "ఛేప" అన్నాను.

వాడి మొహం వెలిగింది. తెలిసిన తెలుగు మాట దొరికింది మరి. ఫారంలో 'మాఛ' అని రాసేశాడు. ఒడియాలో మాఛ అంటే చేప.

"మాఛ కాదు బాబూ, ఛేప."

"అదే కదా మాఉసీ. చేప అంటే మాఛ. నాకు తెలుగు వచ్చు. చేప తీసుకోము, వాసన."

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, పక్కనున్న పాతపట్నం అటే ఉండిపోయింది. గీత గీసిన పెద్దలు ఊళ్లూ నదులూ చూసుకున్నారు గానీ, ఈ ఒక్క ఒత్తు సంగతి ఎవరికీ పట్టలేదు. నేను ఒత్తి పలికిన కొద్దీ వాడు తల ఊపుతున్నాడు. నా వెనక నిలబడ్డ పెద్దాయన తెలుగువాడే, ఆదుకుంటాడేమో అని తిరిగి చూశాను. "కొరమీనా అమ్మా? అంత చిన్న డబ్బాలో ఎలా పట్టింది?" అన్నాడు.

లాభం లేదని అభినయానికి దిగాను. నోరు చూపించి, తల పక్కకి తిప్పి, "థూ" అన్నాను. ఉత్తుత్తినే అందామనుకున్నాను. కానీ పొద్దున్నుంచి ఉసిరికాయ తలుచుకుని ఊటబావి చేసిన నోరది, మన మాట వింటుందా! ఫ్యాను గాలి కూడా అటే ఉంది. సరిగ్గా 'మాఛ' అన్న అక్షరాల మీద పడింది. సిరా అలుక్కుపోయింది.

లైను మొత్తం ఒక అడుగు వెనక్కి వేసింది. నా తలకి తగిలేంత దగ్గర్లోనే 'ఇక్కడ ఉమ్మరాదు, జరిమానా 200' అని బోర్డు వేలాడుతోంది. 5 అడుగుల 9 అంగుళాల మనిషి ఎక్కడా దాక్కోలేదు.

కుర్రాడు ఫారం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఓ! ఛేప!" అన్నాడు.

తర్వాత ఇంకో ఫారం ఇచ్చి మొత్తం మళ్లీ నింపమన్నాడు. ఇచ్చేది కూడా రెండు వేళ్లతో, కొసన పట్టుకుని. మొదటిది తప్పు రాసింది నేనా? మేజోళ్లు లేకుండా ఇంకో పావుగంట నిలబెట్టారు. నరాలు ఎందుకు ఉబ్బుతాయో తెలుసుకోవడానికి ఇంగ్లండు దాకా పోవాలా? రాత్రి మావాడు ఫోన్ చేసి, "పిన్నీ, నురగ లేకుండా నింపావు కదా?" అని అడిగాడు. పెట్టేశాను.

ఇవాళ పొద్దున ఆ కుర్రాడు మా హోటలుకి వచ్చాడు. నాలుగు ఇడ్లీ తిన్నాడు. పోతూ పోతూ "మాఉసీ, మీ దగ్గర చేప దొరకదా?" అన్నాడు పళ్లికిలిస్తూ.

రెండోసారి వేసిన చట్నీకి అయిదు రూపాయలు తీసుకున్నాను. ఇంతవరకు ఎవరి దగ్గరా తీసుకోలేదు.