కుండ పోయింది, బోరు మిగిలింది: తోజర్ ఖర్జూర తోటల లెక్క

రంజాన్ నెలలో మన బజార్లలో కొమ్మతో సహా పెట్టెల్లో పేర్చి అమ్మే ఖర్జూరం ఒకటుంది. వెలుతురుకు పట్టి చూస్తే లోపలి గింజ నీడలా కనిపిస్తుంది. పేరు దెగ్లెత్ నూర్, అంటే వెలుగు వేలు. దాని పుట్టిళ్ళలాంటి ఊళ్ళలో ఒకటి నైరుతి ట్యునీషియాలోని తోజర్. పర్యాటక శాఖ వాళ్ళు ఈ ఊరిని ఇసుక రంగు ఇటుకల నగిషీ గోడలతో, ఎడారిలో మిగిలిపోయిన హాలీవుడ్ సెట్లతో అమ్ముకుంటారు. అమ్ముకోనివ్వండి. తోజర్‌లో చూడాల్సింది నీళ్ళు పంచిన పద్ధతి. అది ఎలా చెడిందో మరీ ముఖ్యంగా చూడాలి.

ఊరు చోట్ ఎల్ జెరీద్ అనే మహా ఉప్పు మైదానం అంచున ఉంది. ఏడాదికి వంద మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. కరువు సీమ అని మనం చెప్పుకునే అనంతపురంలో కూడా 500 దాటుతుంది. అయినా అక్కడ వందల ఏళ్ళుగా లక్షల చెట్లు నిలిచాయంటే కారణం ఊటలు. ఊటలకన్నా, వాటి చుట్టూ కట్టుకున్న లెక్క.

11వ శతాబ్దపు అండలూసియా భూగోళవేత్త అల్ బక్రీ ఆ లెక్కను రాసిపెట్టాడు. ఊటల నీరు మూడు పాయలవుతుంది, ఒక్కో పాయ ఆరు కాలువలుగా చీలుతుంది. అడుగున బెజ్జం ఉన్న కుండను నీళ్ళతో నింపి వేలాడదీస్తారు. అది ఖాళీ అయ్యేదాకా ఒక తోటది వంతు. రోజంతటికీ 192 కుండలు. మన 24 గంటలకు మారిస్తే కుండకు ఏడున్నర నిమిషాలు. మన గడియ కూడా ఈ కుటుంబానిదే: బెజ్జపు గిన్నె నీళ్ళలో మునిగేంత సేపు, 24 నిమిషాలు, రోజుకు 60. మనం దాన్ని ఎక్కువగా ముహూర్తాలకు వాడుకున్నాం, వాళ్ళు మడికి వాడుకున్నారు.

13వ శతాబ్దంలో అదే ఊరి పండితుడు ఇబ్న్ షబ్బాత్ ఈ పంపకానికి పక్కా రూపం ఇచ్చాడు. కాలువకు అడ్డంగా ఖర్జూరపు మొద్దు వేసి, వాటాకు తగిన వెడల్పుతో దానికి గాట్లు కోస్తారు. కిటుకు అంతా ఆ గాటులోనే ఉంది. అది ఇన్ని లీటర్లు అని హామీ ఇవ్వదు, ఇన్నో వంతు అని మాత్రమే చెబుతుంది. ఊట తగ్గిన ఏడు అందరి నీళ్ళూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి. పెద్ద రైతు మడి తడిసి చిన్న రైతు మడి ఎండడం ఆ మొద్దు దగ్గర కుదరదు.

ఆ తర్వాత లోతు బోర్లు వచ్చాయి. ఊటలకు నీరిచ్చే పొరల నుంచే తోడిన కొద్దీ ఊటలు సన్నబడ్డాయి, 1990ల నాటికి ఎండిపోయాయి. ఇప్పుడు తోటలు తాగేది ఎక్కువగా శిలాజ జలం: వేల ఏళ్ళ కింద ఇంకిన నీరు, తిరిగి నిండేది నామమాత్రం. ట్యునీషియా, అల్జీరియా, లిబియా మూడూ ఆ అడుగు పొరల్లోంచే తోడుకుంటున్నాయి. అన్నిటికన్నా లోతు పొర నీరు 60 డిగ్రీలు దాటిన వేడితో పైకొస్తుంది. కూలింగ్ టవర్ల మీదుగా జారవిడిచి చల్లార్చాకే మడికి పంపాలి.

వేడి తగ్గించవచ్చు, ఉప్పును ఏం చేస్తారు? లీటరుకు 2 గ్రాముల ఉప్పున్న నీరు హెక్టారుకు ఏడాదికి 15 వేల ఘనపు మీటర్లు పెట్టామనుకోండి. మొత్తం 30 టన్నుల ఉప్పు! చెట్టు నీటిని తాగి ఉప్పును మట్టిలోనే వదిలేస్తుంది. దాన్ని కడిగి దించాలంటే అవసరానికి మించి నీరు పెట్టాలి, ఆ మిగులు మురుగు కాలువల్లోంచి ఉప్పు మైదానానికి పోవాలి. కాలువ పూడితే అడుగు నీరు పైకి లేచి వేళ్ళను కుళ్ళబెడుతుంది, పైన చౌడు తెల్లగా పేరుకుంటుంది. రైతు ఇసుక తోలించి కప్పుతాడు, కొన్నేళ్ళకు మళ్ళీ అదే పని. ఖర్జూరానికి కాళ్ళు నీళ్ళలో, తల నిప్పుల్లో ఉండాలని అరబ్బుల సామెత. కాళ్ళు ఉప్పునీళ్ళలో నానాలని ఎవరూ అనలేదు.

బోర్ల తరఫు వాదన తీసిపారేసేది కాదు. పాత పద్ధతిలో నీటి హక్కు కొన్ని కుటుంబాల గుప్పిట్లో ఉండేది. తోట పని మొత్తం చేసే ఖమ్మాస్‌కు దక్కేది పంటలో అయిదో వంతు, ఆ పేరుకు అర్థమే అది. ఊటలు చచ్చాక చెట్లను బతికించింది ప్రభుత్వ బోర్లే, దేశానికి విదేశీ మారకం తెస్తున్నదీ దెగ్లెత్ నూరే. నిజమే. కానీ కొలిచే కుండకూ దొరతనానికీ ముడి లేదు. దొరను దించి కుండను ఉంచుకోవచ్చు. తోజర్‌లో రెంటినీ కలిపి పారేశారు. ఇప్పుడు రైతు సంఘాలు గంటల లెక్కన నీళ్ళు పంచుతున్నాయి, సరే. తోట గట్టు దాటితే, ఎడారిలోకి పాకిన కొత్త తోటల్లో అనుమతి లేని బోర్లు అదే పొరను తోడుతున్నాయి. వాటికి సోలార్ పంపు తోడైంది. కరెంటు బిల్లూ లేదు, డీజిలూ లేదు, ఎండ ఉన్నంతసేపూ పారుతూనే ఉంటుంది.

నీటి లెక్క పోతే పంట లెక్క కూడా పోతుంది. పాత తోటలో మూడు అంతస్తులు: పైన ఖర్జూరం, కింద దానిమ్మ, అంజీర, అప్రికాట్, నేల మీద కూరగాయలు, పశుగ్రాసం. ఖర్జూరంలోనే అలీగ్, కెంటా, ఫ్తీమీ లాంటి రకాలు కలిసి ఉండేవి. కొత్త తోటలో వరుసకు వరుస దెగ్లెత్ నూరే, కింద బోసి నేల. ఈ రకానికి చాకిరీ ఎక్కువ. ఆడ చెట్టు, మగ చెట్టు వేరు. సుమారు 50 ఆడ చెట్లకు ఒక మగ చెట్టు చాలు కాని, వసంతంలో ఆడ పూపొత్తి పగిలిన కొద్ది రోజుల్లోనే మనిషి చెట్టెక్కి మగ పూరెమ్మలు రెండు మూడు అందులో దోపాలి. ఆలస్యమైతే కాయ గింజ లేకుండా పిందెగానే మిగులుతుంది. చెట్టుకు ఎనిమిది పది గెలలే ఉంచి మిగతావి కోసేయాలి, లేకపోతే కాయ సన్నబడుతుంది. పురుగు చొరకుండా గెలకు దోమతెర తొడగాలి, శరదృతువు వాన తగలకుండా ప్లాస్టిక్ తొడుగు వేయాలి. పండే వేళ ఒక్క గట్టి వాన పడితే గెల పులిసిపోతుంది. ఎక్కే మనుషులు ఏటా తగ్గుతున్నారు.

అసలు భయం బయూద్ తెగులు. మట్టిలో ఉండే ఈ ఫ్యుజేరియం శిలీంధ్రం మొరాకోలో ఒక శతాబ్దంలో కోటి చెట్లను చంపింది, అల్జీరియాకూ పాకింది. ట్యునీషియా ఇప్పటిదాకా తప్పించుకుంది. దెగ్లెత్ నూర్‌కు దాన్ని తట్టుకునే శక్తి లేదు. ఒక పొర నీటి మీద, ఒకే రకం చెట్టు మీద ఊరంతా కూర్చుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

మనకు ఇది పరాయి కథ కాదు. ఖర్జూరానికి దగ్గర చుట్టం మన ఈత చెట్టు. అనంతపురంలో టిష్యూకల్చర్ బర్హీ ఖర్జూరం నాటిన రైతులూ ఉన్నారు, చాలావరకు బోర్ల మీదే. అసలు చుట్టరికం మాత్రం తూము దగ్గర ఉంది. తెలంగాణ చెరువుకు నీరటి, సీమ చెరువుకు నీరుగంటి ఉండేవాడు. ఏ మడికి ఎంతసేపు, చెరువు సగం నిండిన ఏడు ఎన్ని ఎకరాలకు అన్నది అతని చేతిలో ఉండేది. వ్యవసాయ బోరు వచ్చాక అతనితో పని లేకపోయింది. మిషన్ కాకతీయలో పూడిక తీశారు, తూములు బాగుచేశారు, మంచి పనే. ఆ తూము తెరిచే మనిషికి అధికారం తిరిగి రాలేదు. పైగా తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. తోజర్ సోలార్ పంపు చేస్తున్న పనే ఇక్కడ ఆటోమేటిక్ స్టార్టర్ చేస్తుంది: ఎవరూ లెక్క అడగకుండా పారించడం.

కొలవడం రైతుకు చేతకాదనే వాదన చెల్లదు. ఆంధ్రప్రదేశ్‌లో భూగర్భ జలాల లెక్కను రైతుల చేతికే ఇచ్చిన ఏపీఫామ్స్ ప్రాజెక్టు నడిచిన రోజుల్లో కరువు జిల్లాల రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు ఊరి నీటి బడ్జెట్ బోర్డు మీద రాసి, ఏ పంట ఎన్ని ఎకరాలో మాట్లాడుకున్నారు. ప్రాజెక్టు ముగిశాక చాలాచోట్ల బోర్డులు వెలిసిపోయాయి, ఎందుకంటే ఆ లెక్కకు చట్టం బలం లేదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది కదా అంటారు. అందులో బోరు నమోదు ఉంది, కొత్త బోరుకు అనుమతి ఉంది, బోరుకూ బోరుకూ మధ్య దూరం ఉంది. వంతు లేదు. ఏటా అక్టోబరులో నీటిమట్టం చూసి రబీ ఎకరాలు ఖరారు చేసే అధికారం గ్రామసభకు ఇస్తూ దానికి ఒక సవరణ తేవాలి. నీరటికి జీతమిచ్చి ఆ కొలత పని అప్పగించాలి.