అడిగింది తేదీ, వచ్చింది హెచ్చరిక

ఇప్పుడే ఒక కంపెనీ ఇన్వెస్టర్ రిలేషన్స్ విభాగం, అంటే మదుపరుల ప్రశ్నలకు జవాబివ్వాల్సిన విభాగం, నుంచి జవాబు వచ్చింది. కొత్త ప్లాంటులో ఉత్పత్తి ఎప్పుడు మొదలవుతుందని అడిగాను, అంతే. నిరుటి వార్షిక నివేదికలో తేదీ అచ్చువేసింది వాళ్లే. ఆ గడువు దాటిపోయింది కనుకనే అడిగాను. అది షేరు ధరను ప్రభావితం చేసే, ఇంకా వెల్లడించని సమాచారమట! షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనలు ఒప్పుకోవట! తేదీ మారిందా? స్టాక్ ఎక్స్ఛేంజీకి తెలియజేయండి మహాప్రభో, అందరితోపాటు నేనూ చదువుకుంటాను. నా ఒక్కడి చెవిలో ఊదమని ఎవరడిగారు?

సెబీ చెప్పింది కొందరికే చెప్పవద్దని. అమెరికాలో 2000లో వచ్చిన సమాచార వెల్లడి నిబంధన 'రెగ్యులేషన్ ఎఫ్‌డీ' సారమూ అదే. మనవాళ్లు దాన్ని ఎవరికీ చెప్పనక్కరలేదని చదువుకున్నారు. పెద్ద ఆర్డరు వస్తే మాత్రం సిరా ఆరకముందే ఎక్స్ఛేంజీలో ప్రకటన పడుతుంది. అప్పుడు ఏ నిబంధనా గొంతు పట్టుకోదు.

త్రైమాసిక ఫలితాల మీద కంపెనీ పెద్దలు విశ్లేషకులతో ఫోన్లో మాట్లాడే కాన్ఫరెన్స్ కాల్ సంగతి మీకు తెలిసిందే. మొదట 'సేఫ్ హార్బర్' మంత్రం చదువుతారు: మేం భవిష్యత్తు గురించి చెప్పేవి నిజం కాకపోవచ్చు, నమ్ముకోకండి అని. ఆ రక్షణ ఇచ్చింది అమెరికా 1995లో చేసిన చట్టం. అక్కడ లిస్ట్ కాని కంపెనీ కూడా దాన్ని ఇక్కడ ఎందుకు వల్లిస్తుందో ఆ కంపెనీ లాయరుకే తెలియాలి! తర్వాత విశ్లేషకులు వరుసగా 'మంచి ఫలితాలు, అభినందనలు సార్' అంటారు. లాభం తగ్గిన త్రైమాసికంలోనూ అదే మాట. ఆ కాల్ అక్షర పాఠాన్ని కంపెనీ 5 పనిదినాల్లో బయటపెట్టాలి కనుక, ఆ అభినందనలన్నీ భద్రంగా చరిత్రకెక్కుతున్నాయి.

అసలు నా కడుపుమంట వీడియోలో జరిగే వాటాదారుల వార్షిక సర్వసభ్య సమావేశాల మీద. మాట్లాడటానికి ముందే పేరు నమోదు చేసుకున్నాను. నాకు ముందున్న పెద్దమనిషి ఛైర్మన్ గారి దూరదృష్టిని పొగిడి, కంపెనీ సెక్రటరీ గారి మర్యాదను పొగిడి, చివరికి వార్షిక నివేదిక అట్ట రంగును కూడా పొగిడాడు. ఆయనకు గడియారం గుర్తురాలేదు. కంపెనీ తనను నడిపే ప్రమోటర్ల సొంత సంస్థకు ఇచ్చిన అప్పు ఊసు నేనెత్తగానే 'సమయం మించిపోయింది, ఈమెయిల్‌లో జవాబిస్తాం' అని మైకు కట్టేశారు. ఆ ఈమెయిల్ నేటికీ రాలేదు.

ఈసారీ నమోదు చేసుకున్నాను. మైకు కట్టేస్తే ఆ ప్రశ్ననే స్పీడ్ పోస్టులో పంపి, సెబీ వారి ఆన్‌లైన్ ఫిర్యాదుల వేదిక స్కోర్స్‌లో ఫిర్యాదు పెడతాను. అప్పుడైనా జవాబు రాక తప్పదు కదా!