మొద్దుబారిన ముక్కును సమర్థిస్తూ

పేలుడు పదార్థాల ఆవిరిని పసిగట్టే పరికరాలను మరింత సున్నితంగా తీర్చిదిద్దాలని శాస్త్రవేత్తలు కొన్ని దశాబ్దాలుగా పడుతున్న తాపత్రయానికి ఇకనైనా స్వస్తి చెప్పించాలని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. ఈ పరికరాలను కొనేవారికి, నడిపేవారికి, వాటి ముందు వరుస కట్టి నిలబడేవారికి సున్నితత్వం వల్ల కలుగుతున్న ఇబ్బంది అంతా ఇంతా కాదు. మొద్దుబారిన ముక్కు తరఫున మాట్లాడేవారు ఇంతవరకు ఎవరూ లేరు గనుక ఆ వకాల్తా నేనే పుచ్చుకుంటున్నాను.

ముందుగా ప్రకృతి అభిమతం ఏమిటో చూద్దాం. గది ఉష్ణోగ్రత వద్ద టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం గాలిలోకి వదిలే ఆవిరి వంద కోట్ల వంతుల్లో కొద్ది వంతులు మాత్రమే. ఆర్‌డీఎక్స్ అనే మరో పేలుడు పదార్థం అంతకంటే వెయ్యి రెట్లు పిసినారి. దాని వాటా లక్ష కోట్ల వంతుల్లో ఐదు వంతుల దరిదాపుల్లో ఉంటుంది. ఆ లెక్కన ఆర్‌డీఎక్స్ ఆవిరిని పట్టినంత నింపుకున్న లీటరు గాలిలో సైతం దాని బరువు సుమారు 45 పికోగ్రాములు (పికోగ్రామంటే గ్రాములో లక్ష కోట్ల వంతు). ఒక్క నానోగ్రాము, అంటే వెయ్యి పికోగ్రాములు, పోగు కావాలంటే అటువంటి గాలి ఇరవై లీటర్లకు పైగా పీల్చాలి. అది కూడా మూత బిగించిన సీసాలోని మాట. జనం తిరిగే చోట, తలుపులు తెరుచుకుని మూసుకునే చోట, గాలి అంత ఓపికగా నిలబడి నిండదు. పైగా బయటపడ్డ ఆ కొద్ది అణువులూ బుద్ధిగా పరికరంలోకి నడిచి రావు. సంచి గుడ్డకు, దుమ్ముకు, చివరికి పరికరపు సొంత గొట్టం లోపలి గోడకు కూడా అతుక్కుంటాయి. అతుక్కోకుండా గొట్టాన్ని వేడి చేస్తారు. అయినా నిన్న అతుక్కున్నవి కొన్ని ఇవాళ తీరిగ్గా ఊడివచ్చి, ఏ పాపమూ ఎరుగని మనిషి వంతు రాగానే అలారం మోగిస్తాయి. బయటికి రావడానికే ఇంతగా మొహమాటపడే పదార్థాన్ని వెంటాడి వేధించడం మర్యాదస్తులు చేయవలసిన పనేనా?

ఈ సంగతి పరికరాలు తయారుచేసేవారికి తెలియకపోలేదు. అందుకే విమానాశ్రయాల్లో ఎక్కువగా కనిపించేది గాలి పీల్చే యంత్రం కాదు, తుడిచే గుడ్డముక్క. సిబ్బంది ఒకరు చిన్న స్వాబ్‌తో మీ సంచి పిడిని, జిప్పు అంచును, ఒక్కోసారి మీ అరచేతిని తుడిచి, దాన్ని యంత్రపు సన్నని నోట్లో దూరుస్తారు. లోపల సుమారు 200 డిగ్రీల వేడికి అంటుకున్న కణాలు ఆవిరవుతాయి. చాలా యంత్రాల్లో నికెల్-63 అనే రేడియోధార్మిక రేకు వాటిని అయాన్లుగా, అంటే విద్యుదావేశమున్న కణాలుగా, మార్చే పని మొదలుపెడుతుంది. ఆ అయాన్లు విద్యుత్ క్షేత్రంలో గాలికి ఎదురీదుతూ కొన్ని మిల్లీసెకన్లలో అవతలి ఒడ్డుకు చేరతాయి. ఏది ఎంతసేపటికి చేరిందన్నదాన్నిబట్టి అది ఏ పదార్థమో యంత్రం ఊహిస్తుంది. నానోగ్రాముల మోతాదు చాలు, కొన్ని సెకన్లలో తీర్పు వస్తుంది. ఆవిరి తనంతట తాను రానన్నప్పుడు కణాన్ని పట్టుకొచ్చి ఉడికించి ఆవిరి చేయడమే ఇందులోని కిటుకు. దీన్ని వాసన చూడడం అనేకన్నా నిర్బంధ విచారణ అనడమే సబబు.

చట్టం చేసేవారు ఇంకా సులువైన దారి కనిపెట్టారు. 1988 డిసెంబరులో స్కాట్లండ్‌లోని లాకర్బీ ఊరి మీద విమానం పేలిపోయి 270 మంది చనిపోయిన తరువాత, 1991లో మాంట్రియల్‌లో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ప్లాస్టిక్ పేలుడు పదార్థాల్లో తయారీదారులే డీఎంఎన్‌బీ వంటి, సులువుగా ఆవిరయ్యే గుర్తు పదార్థాన్ని కలపాలి. ముక్కును బాగుచేయడం కష్టమైనప్పుడు వాసననే పెంచమని ఆజ్ఞాపించడం పాలనాదక్షతకు పరాకాష్ఠ. ఒప్పందం మంచిదే, ప్రభుత్వ కర్మాగారాలు పాటిస్తున్నాయి కూడా. ఇంట్లో దొంగచాటుగా కలుపుకునేవారికి మాత్రం సంతకం చేసే అవకాశం ఇవ్వలేదు.

ఇక అసలు బాధకు వద్దాం. పరికరం ముక్కు పదునెక్కేకొద్దీ అది పసిగట్టేది నేరస్థులను కాదు, అందరినీ. చేతులకు రాసుకునే కొన్ని లేపనాల్లో ఉండే గ్లిజరిన్, గుండెజబ్బు ఉన్నవారు నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ మాత్ర, తోటపని చేసినవారి గోళ్లలో మిగిలిన ఎరువు, ఇవన్నీ దానికి అనుమానాస్పదాలే. మాత్ర విషయంలో పాపం యంత్రం అబద్ధం చెప్పడం లేదు కూడా. అది నిజంగా పేలుడు పదార్థాల్లో వాడే నైట్రోగ్లిజరినే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాణ్ణి పట్టుకోవడం పాతకాలపు పద్ధతి. ఈ యంత్రం ఊరందరి భుజాలనూ తానే తడిమి, అందరికీ బూడిద అంటిందని తేలుస్తుంది. నూటికి ఒక్కరి విషయంలో పొరబడే యంత్రం ముందు రోజుకు లక్షమంది నడిచారనుకుందాం. వెయ్యిమందిని పక్కకు పిలిచి సోదా చేయాలి. ఆ లక్షలో అసలు దోషి దాదాపు ఏ రోజూ ఉండడు గనుక, అక్కడ పనిచేసే ఉద్యోగి తన సర్వీసంతటిలో విన్న ప్రతి అలారమూ తప్పుడుదే అవుతుంది. అతనికి త్వరలోనే అలారం మోగిందంటే ఏమీ లేదని అర్థమన్న జ్ఞానోదయం కలుగుతుంది. అప్పుడు వరుస కదలడం లేదని పైవారు విసుక్కుంటారు, అలారం మోగే హద్దును కొంచెం పైకి జరుపుతారు, లోకం ప్రశాంతమవుతుంది. శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి తగ్గించుకొచ్చిన హద్దును ఒక్క మీటతో మళ్లీ పెంచేయవచ్చు గదా, మధ్యలో ఈ శ్రమంతా ఎవరికోసం?

సున్నితత్వానికీ, ఏది ఏదో విడదీసి చెప్పే నేర్పుకూ తేడా తెలియకపోతే ఏమవుతుందో బ్రిటన్ న్యాయస్థానాలు ఒకసారి ప్రయోగాత్మకంగా నిరూపించాయి. 1974లో బర్మింగ్‌హామ్‌లో బాంబులు పేలిన తరువాత పట్టుబడ్డవారి చేతులకు గ్రీస్ పరీక్ష అనే, రంగు మారడాన్ని బట్టి తేల్చే రసాయన పరీక్ష చేసి, కొందరు నైట్రోగ్లిజరిన్ పట్టుకున్నారని సాక్ష్యం చెప్పారు. 1975లో ఆరుగురికి యావజ్జీవ శిక్ష పడింది. తరువాత తేలినదేమిటంటే, పేకముక్కల పూతలో ఉండే నైట్రోసెల్యులోజ్ కూడా అదే రంగు తెప్పించగలదు. వారిలో అయిదుగురు ఆ సాయంత్రం రైల్లో పేకాడుతూ ప్రయాణం చేశారు. 1991లో శిక్షలు కొట్టివేశారు. పదహారేళ్లు గడిచాయన్నమాట.

అమెరికావారు మనిషి మీదికి గాలి ఊది, రాలిన కణాలను పీల్చి చూసే ద్వారాలను కూడా ప్రయత్నించారు. ప్రయోగశాలలో అవి భేషుగ్గా పనిచేశాయి. విమానాశ్రయాల్లో మాత్రం దుమ్ము, తేమ ఉంటాయన్న విషయం వాటికి ముందుగా ఎవరూ చెప్పలేదు. మూడు కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి 207 కొన్నారు, 101 బిగించారు, 2006 జూన్‌లో ఇక చాలన్నారు.

జాగిలం గురించి మాట్లాడకుండా ఈ చర్చ ముగియదు, ఎందుకంటే ఈ రంగంలో ప్రతి శాస్త్రవేత్త అంతరాత్మలో ఒక జాగిలం మొరుగుతూనే ఉంటుంది. అది సెకనుకు అయిదుసార్ల దాకా ముక్కు ఎగబీలుస్తుంది. విడిచే ఊపిరిని కిందికీ వెనక్కీ వదులుతుంది. ఆ వేగానికి ముందువైపున్న కొత్త గాలి దాని ముక్కు దగ్గరికి లాక్కురాబడుతుంది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ పరిశోధకులు 2016లో ఈ ఎగబీల్పు తీరును అనుకరించే మూతిని త్రీడీ ముద్రణ యంత్రంతో తయారుచేసి, బజారులో దొరికే ఆవిరి పరికరానికి తగిలించారు. నాలుగు సెంటీమీటర్ల దూరంలో దాని పనితనం 16 రెట్లు పెరిగింది. లోపలి యంత్రాంగంలో మార్పు లేదు, మారింది గాలి పీల్చే మర్యాద. సున్నితత్వమంటే లోపలి మీటరు గొప్పతనమే అనుకుని, ఆవిరి అసలు గుమ్మం దాటి లోపలికి వస్తోందా అని అడగనివారందరికీ ఇది పెద్ద అవమానం. అందుకే దీన్ని ఎక్కువగా ప్రచారం చేయవద్దని కోరుతున్నాను.

లోపలి మీటరు గొప్పవారు కూడా ఊరుకోలేదు. 1990ల చివర అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో, పొడవాటి అణువుల గొలుసులతో వెలుగులీనే పాలిమర్ పొర తయారైంది. అందులో గొలుసు పొడవునా ఒక్కచోట టీఎన్‌టీ అణువు వాలితే చాలు, గొలుసు మొత్తం వెలుగు మందగిస్తుంది. 2013 నాటికి మరో అమెరికా ప్రయోగశాల అయాన్లకు మిల్లీసెకన్లు కాక కొన్ని సెకన్ల దాకా సావకాశం ఇచ్చి, పది కోట్ల కోట్ల వంతుల్లో 25 వంతులకన్నా తక్కువ ఆర్‌డీఎక్స్ ఆవిరిని వేడి చేయకుండానే, పోగు చేయకుండానే పట్టుకుంది. అద్భుతమే, కాదనను. కానీ అటువంటి ముక్కు ముందు, రాళ్ల క్వారీలో పేలుళ్లు జరిపి పొట్టపోసుకునే మనిషితో నిన్న కరచాలనం చేసినవాడు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

ఇన్ని చిక్కులూ లేని పరికరం ఒకటే వచ్చింది. ఏడీఈ 651 అనే ఆ ప్లాస్టిక్ పిడికి ఒక తిరిగే యాంటెన్నా ఉండేది. బ్యాటరీ అక్కరలేదు, వేడి అక్కరలేదు, నికెల్ రేకు అక్కరలేదు. గోడల వెనుక, నేల కింద, కిలోమీటరు దూరంలో ఉన్నా పేలుడు పదార్థాన్ని చూపిస్తుందని అమ్మినవారు చెప్పారు. దానిలో పెట్టే కార్డును కేంబ్రిడ్జ్ నిపుణులు విప్పి చూస్తే, దుకాణాల్లో దొంగతనాలు ఆపడానికి వస్తువులకు అతికించే చీటీ తప్ప ఏమీ కనిపించలేదు. దాని పూర్వరూపం గోల్ఫ్ బంతులు వెతికే ఆటవస్తువు. ఇటువంటిదే అయిన జీటీ200ను 2010లో థాయిలాండ్ ప్రభుత్వం కొన్ని పెట్టెల్లో ఒకదానిలో పేలుడు పదార్థం దాచి 20 సార్లు పరీక్షిస్తే 4 సార్లు సరిగ్గా చెప్పింది. కళ్లు మూసుకుని వేలు పెట్టినా అంతపాటి ఫలితం వస్తుంది. ఏడీఈ 651 అమ్మిన వ్యాపారికి 2013లో లండన్ న్యాయస్థానం పదేళ్ల శిక్ష వేసింది. ఇరాక్ రాజధాని బాగ్దాద్ తనిఖీ కేంద్రాల్లో మాత్రం ఆ పిడులు ఇంకో మూడేళ్లు తిరిగాయి. 2016 జులైలో కర్రాదా బజారులో జరిగిన పేలుడులో మూడు వందల మందికి పైగా చనిపోయాకనే వాటిని తీసేయమని ఇరాక్ ప్రధాని ఆజ్ఞ ఇచ్చారు.

కాబట్టి ఇకమీదట కొనుగోలు సంఘాలు టెండరులో ఈ షరతులు చేర్చాలని ప్రతిపాదిస్తున్నాను. పరికరపు సున్నితత్వాన్ని శుభ్రమైన నైట్రోజన్ వాయువులోనే కొలవాలి, దుమ్మును లోపలికి రానివ్వరాదు. ఒక్క సంఖ్యను మాత్రమే కరపత్రంలో పెద్ద అక్షరాలతో వేయాలి, ఎంతమంది అమాయకుల మీద మోగుతుందన్న సంఖ్యను అడిగినవారిని సమావేశం నుంచి పంపించివేయాలి. ఏ పెట్టెలో ఏముందో నడిపేవారికీ చూసేవారికీ తెలియని పరీక్షను మాత్రం డబ్బు చెల్లించిన తరువాతనే, అది కూడా అమ్మినవారి సమ్మతితోనే జరపాలి.