ఆ గోడ దండగ కాదు మహాశయా

"పాత ఇల్లుందా? లక్షలోపే వంటిల్లు డబుల్!" ఈ మెసేజ్ ఈ వారంలో నాకు ఆరోసారి వచ్చింది. పంపినవాళ్లంతా నల్గొండ చుట్టుపక్కల రాతిగోడల ఇళ్లున్నవాళ్లే. అందుకే ఊరుకోబుద్ధి కాలేదు. అందులోని సలహాలు ఒక్కొక్కటే చూద్దాం.

"పొయ్యి ఆగ్నేయంలోనే ఉండాలి." ఉంచుకోండి, ఎవరొద్దన్నారు?

"75 గజాల లోపు గదికి పర్మిషన్ అక్కర్లేదు." ఇళ్ల పర్మిషన్ల కోసం తెలంగాణ తెచ్చిన 2020 నాటి బీపాస్ చట్టంలో ఆ 75 గజాలు ప్లాటు లెక్క, గది లెక్క కాదు. మున్సిపాలిటీలో అంత చిన్న ప్లాటుకైనా రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకోవాల్సిందే.

ఇక అసలు ఘనకార్యం: "వంటింటికీ వసారాకూ మధ్య గోడ తీసేయండి. రెండడుగుల మందం, దండగగా చోటు తింటుంది. ఒక్కపూట పని."

దండగట! దూలాలు కూర్చున్నది దాని మీదే కదా. పైగా ఆ మందమంతా రాయి కాదు. రెండు వైపులా రాళ్లు పేర్చి, మధ్యలో మట్టీ గులకా నింపారు. ఒక చోట కదిలిస్తే లోపలిది జారుతుంది, పైరాళ్లు దాని వెంటే వస్తాయి. మా మేనత్త ఇంట్లో పొద్దున గడ్డపార వేశారు. మధ్యాహ్నానికి గోడ పొట్ట పెట్టింది, దూలం కిందికి దిగింది. అందరూ అన్నానికి బయటికి రాబట్టి సరిపోయింది. ముందు దూలాల కింద రెండు వైపులా జాకీలు పెట్టాలి. గోడ సగం మందం తొలిచి లింటెల్ (పైబరువు మోసే అడ్డదూలం) వేసి, అది గట్టిపడ్డాక రెండో సగం. ఆ తర్వాతే కింద కొట్టాలి. అదీ దారికి సరిపడా, గోడంతా కాదు. ఒక్కపూటలో అయ్యేది ఇల్లు కూలడమే.

"కొత్త గోడను పాతదాంట్లోకి కలిపేయండి." పాతది దిగాల్సినంత దిగింది, కొత్తది ఇప్పుడు దిగుతుంది. మధ్యలో జాయింట్, అంటే సన్నటి సందు, వదలకపోతే చీలుతుంది. నల్లరేగడి అయితే మరీను.

"పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే గ్యాస్ లీకైనా టెన్షన్ లేదు." వంటగ్యాస్ గాలికంటే బరువు, నేలమీదే పరుచుకుంటుంది. వాసనొచ్చినప్పుడు ఆ ఫ్యాన్ స్విచ్ వేసేది ఈ మెసేజ్ రాసినాయనే అయితే బాగుండు.

చివరి పాయింటు దగ్గర మాత్రం నా నోరు మూతపడింది. "పెరట్లో ముగ్గుపిండితో కొత్త వంటిల్లు గీసి, అందులో తిరిగి చూడండి." నవ్వుకుంటూనే గీశాను. మా అమ్మ గీతల మధ్య నిలబడి, ఫ్రిజ్ తలుపు తీస్తే పెరటి తలుపు తెరుచుకోదని తేల్చింది. మేస్త్రీ, నేను నెలరోజులు చూసిన ప్లాన్ అది.