ఉచిత వీసా ఖరీదెంత?

విశాఖలో ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ద్వారకానగర్ మీదుగా డైమండ్ పార్కు వైపు నడిస్తే, ట్రావెల్ ఏజెన్సీల బోర్డుల మీద రెండు మూడేళ్లుగా ఒకే మాట అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో కనిపిస్తోంది: ‘వీసా ఫ్రీ’. థాయ్‌లాండ్ 2023 నవంబరులో, మలేసియా అదే ఏడాది డిసెంబరు 1 నుంచి భారతీయ పర్యాటకులకు వీసా అక్కర్లేదన్నాయి. శ్రీలంక కూడా ఆ రోజుల్లోనే భారత్ సహా ఏడు దేశాల వారికి రుసుము మాఫీ చేసింది. 2024 ఏప్రిల్‌లో విశాఖ నుంచి బ్యాంకాక్‌కూ కౌలాలంపూర్‌కూ నేరుగా విమానాలు మొదలయ్యేసరికి, అంతవరకు ఊటీకో, మహా అయితే అండమాన్‌కో డబ్బు కూడబెట్టుకునే మధ్యతరగతి కుటుంబాలు పాస్‌పోర్టులకు దరఖాస్తు పెట్టుకున్నాయి. గాజువాకలో ఉండే మా తోడల్లుడి కుటుంబం అందులో ఒకటి.

ఆయన పైసా పైసా రాసి పెట్టుకునే మనిషి. 2024 మే నెలలో భార్య, ఇంటర్ చదువుతున్న కొడుకు, మా అత్తగారితో కలిసి ఆయన చేసిన బ్యాంకాక్–పటాయా యాత్ర లెక్కంతా ఒక రూళ్ల పుస్తకంలో రెండు పేజీల్లో ఉంది. మొదటి పేజీలో మొదటి పద్దు ‘వీసా – 0’. దాని కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. విమాన టికెట్లు నలుగురికి 84,000. చవక విమానం కాబట్టి సామాన్ల బరువుకు విడిగా 16,000. హోటల్, కార్లు, చూపించే స్థలాలు కలిపి ఏజెంటుకు లక్ష. దాని మీద జీఎస్టీ 5,000, ఆ మొత్తం మీద టీసీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపన్ను) 5,250. తిండికీ కొనుగోళ్లకూ వేసుకున్న అంచనా 40,000. రెండో పేజీకి వచ్చేసరికి ఈ చివరి పద్దు 92,000 అయింది. శనివారం మా అత్తగారు నీచు ముట్టరు కనుక పటాయాలో పప్పన్నం దొరికే భారతీయ హోటల్‌కు వెళ్లడం, ప్యాకేజీలో లేని పడవ షికారు, ఏటీఎంలో డబ్బు తీసిన నాలుగుసార్లూ అక్కడి బ్యాంకు సారికి పట్టుకున్న 220 బాట్‌లు (థాయ్ కరెన్సీ), చుట్టాలందరికీ తలా ఒక సంచి. మొత్తం 3,02,250 రూపాయలు.

వీసా మాఫీ వల్ల ఆయనకు నిజంగా మిగిలిందెంత? విమానాశ్రయంలో దిగి తీసుకునే థాయ్ వీసాకు రుసుము మనిషికి 2,000 బాట్‌లు. నలుగురికి 8,000 బాట్‌లంటే అప్పటి మారకం ప్రకారం దాదాపు 18 వేల రూపాయలు. యాత్ర ఖర్చులో ఆరు శాతం. ఆరు శాతం రాయితీ వందశాతం నిర్ణయాన్ని నడిపించింది. సామాన్ల బరువుకు కట్టిన సొమ్మూ మాఫీ అయిన వీసా సొమ్మూ రమారమి సమానమని తరువాత నేను చూపిస్తే ఆయన నవ్వేశారు.

ఆ 18 వేలు థాయ్‌లాండ్ ప్రభుత్వం దయతో వదులుకున్నదని ఎవరూ అనుకోరు గానీ, ఎంత త్వరగా తిరిగి రాబట్టుకుందో లెక్కిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. బ్యాంకాక్ నుంచి విదేశానికి బయలుదేరే ప్రతి ప్రయాణికుడి టికెట్‌లో అప్పట్లో 730 బాట్‌ల విమానాశ్రయ రుసుము కలిసే ఉండేది. ఆ విమానాశ్రయాలను నడిపే సంస్థలో ప్రధాన వాటాదారు అక్కడి ఆర్థిక శాఖే. నలుగురికీ కలిపి అది ఆరున్నర వేల రూపాయల పైమాట. అక్కడ వస్తువులూ సేవల మీద విలువ ఆధారిత పన్ను 7 శాతం. మా తోడల్లుడు అక్కడ ఖర్చుపెట్టిన దాదాపు లక్షా తొంభై వేలలో మన ఏజెంటు లాభం, పన్ను పడని వీధి అంగళ్ల బేరాలు తీసేసినా ఎనిమిది, పది వేలు పన్నుగా చేరి ఉంటాయి. వదిలిన 18 వేలలో సింహభాగం అయిదు రోజుల్లోనే ఖజానాకు చేరింది. హోటల్‌వాడికి, కారు డ్రైవరుకు, పడవవాడికి దక్కిన బతుకుతెరువు ఈ లెక్కలో లేనే లేదు. 2024లో థాయ్‌లాండ్‌కు మూడున్నర కోట్లకు పైగా విదేశీయులు వస్తే, అందులో భారతీయులు 21 లక్షల వరకు ఉన్నారు.

ఇతరులు ఇంకా ముందుకు వెళ్లారు. హాంకాంగ్ 2023 ఫిబ్రవరిలో 5 లక్షల విమాన టికెట్లు ఉచితమని ప్రకటించింది. కొవిడ్ కాలంలో చితికిపోయిన విమాన సంస్థలను ఆదుకోవడానికి 2020లో ముందే కొనిపెట్టిన టికెట్లవి. ఒకరికి టికెట్ ఉచితంగా వస్తే ఇంట్లో మిగిలినవారు డబ్బిచ్చి కొనుక్కుని వెంట వస్తారన్నది అందులోని కిటుకు. తైవాన్ అదే ఏడాది మే నుంచి విడిగా వచ్చే పర్యాటకులకు లాటరీ తీసి 5,000 తైవాన్ డాలర్ల ఖర్చు సొమ్ము చేతిలో పెట్టింది. ఆ సొమ్ము ఆ దేశంలోనే ఖర్చు కావాలి కాబట్టి అది ఊరు దాటిపోదు. భూటాన్ మాత్రం ఎదురు దారిలో నడిచి, విదేశీయుల నుంచి రాత్రికి 200 డాలర్లు వసూలు చేసి, రాకపోకలు మందగించడంతో 2023 సెప్టెంబరులో దాన్ని 100కు దించింది. భారతీయులకు మాత్రం 1,200 రూపాయలే. ఉచితమైనా, రుసుమైనా ఈ దేశాలన్నీ చూసేది ఒక్కటే: వచ్చిన మనిషి సంచిలోంచి మొత్తంమీద ఎంత దిగుతుందన్నది.

మనవాళ్లు ఈ లెక్క వేయరు. భారత ప్రభుత్వం 2021 జూన్‌లో మొదటి 5 లక్షల పర్యాటక వీసాలు ఉచితమని ప్రకటించింది. గడువు 2022 మార్చి 31. కానీ సాధారణ విమానాల్లో వచ్చే పర్యాటకులకు వీసాలు మళ్లీ మొదలైందే 2021 నవంబరు 15న. కొవిడ్ అలల మధ్య, నాలుగున్నర నెలల్లో ఎవరు వస్తారు? 2024లో ‘చలో ఇండియా’ పేరిట ప్రవాస భారతీయుల విదేశీ మిత్రులకు లక్ష ఈ-వీసాలు ఉచితమన్నారు. అంతకు చాలా ముందు, 2019లోనే, ముప్పై రోజుల ఈ-వీసాకు చాలా దేశాల వారికి మామూలు రోజుల్లో 25 డాలర్లు, ఏప్రిల్ నుంచి జూన్ వరకు 10 డాలర్లే అని పెట్టారు. రద్దీ లేని కాలంలో రాయితీ ఇవ్వడం సబబే. అయితే మే నెల మధ్యాహ్నం బీచ్ రోడ్డులో నిలబడి చూసినవారికి, పదిహేను డాలర్ల తగ్గింపు చూసి ఆ ఉక్కపోతలోకి జర్మనీ నుంచి ఎవరో దిగుతారని నమ్మడం కష్టం.

రుసుము తగ్గించినంత సులువుగా మిగిలిన పనులు జరగలేదు. పర్యాటకుడు కొన్న వస్తువుల మీద కట్టిన పన్నును విమానాశ్రయంలో తిరిగి ఇచ్చే వీలు ఐజీఎస్టీ (సమీకృత వస్తు సేవల పన్ను) చట్టం 15వ సెక్షన్‌లో 2017 నుంచి రాసి ఉంది, అమలులోకి రాలేదు. విదేశాల్లో ప్రచారానికి కేంద్ర బడ్జెట్ కేటాయింపు 2024-25లో 33 కోట్లుంటే 2025-26లో 3.07 కోట్లు. దేశం మొత్తానికి కలిపి మూడు కోట్ల చిల్లర! ఫలితం అంకెల్లోనే ఉంది. 2019లో మన దేశానికి కోటీ తొమ్మిది లక్షల మంది విదేశీ పర్యాటకులు వస్తే, 2024లో కోటికి కాస్త లోపే వచ్చారు. అదే 2024లో మన దేశం నుంచి బయటికి వెళ్లినవారు మూడు కోట్లు దాటారు. రిజర్వు బ్యాంకు లెక్క ప్రకారం 2024-25లో విదేశీ ప్రయాణాల పద్దు కింద మనవాళ్లు పంపింది దాదాపు 1,700 కోట్ల డాలర్లు.

ఈ అసమానత విశాఖలో మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 96 కోట్ల రూపాయలతో పోర్టులో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. మన విమానాశ్రయంలో ఈ-వీసాతో దిగవచ్చు. రుషికొండ బీచ్‌కు 2020లో, శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు దక్కింది. 2025 మొదట్లో నిర్వహణ లోపాలతో కొన్నాళ్లు పోగొట్టుకుని మళ్లీ తెచ్చుకున్నాం. తొట్లకొండ, బావికొండ, అనకాపల్లి పక్కన బొజ్జన్నకొండ వంటి పాత బౌద్ధ క్షేత్రాలు ఉన్నాయి. థాయ్, శ్రీలంక, జపాన్ బౌద్ధులకు వాటి గురించి చెప్పవలసిన రీతిలో చెబితే బుద్ధగయకు పోయే యాత్రికుల్లో కొందరైనా ఇటు వస్తారు. కానీ వచ్చినవారు డబ్బు ఎలా ఖర్చుపెడతారన్న చిన్న ప్రశ్న దగ్గరే మనం ఆగిపోతాం. బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ బండి మీద కూడా క్యూఆర్ కోడ్ అతికించి ఉంటుంది, విదేశీ కార్డు మాత్రం ఆ బండికి పనికిరాదు. విదేశీయులు పాస్‌పోర్టు చూపించి వాడుకునే ‘యూపీఐ వన్ వరల్డ్’ వాలెట్ 2023 జీ20 సమావేశాల సమయంలో వచ్చింది. ఆ ఏడాది మార్చిలో ఒక సమావేశం విశాఖలోనే జరిగింది. అప్పుడు గోడలకు వేసిన రంగుల గురించి ఊరంతా మాట్లాడుకుంది, ఈ వాలెట్ గురించి చెప్పుకున్నవారు నాకు కనబడలేదు.

ఇక్కడ అసలు చిక్కు విమానాలకు ఇచ్చే రాయితీతో వస్తుంది. కొత్త అంతర్జాతీయ సర్వీసుకు సీట్లు నిండకపోతే ఆ లోటును రాష్ట్ర ప్రభుత్వం పూడ్చే పద్ధతి, అధికారుల భాషలో వయబిలిటీ గ్యాప్ ఫండింగ్, మనకు కొత్త కాదు. 2018 డిసెంబరులో విజయవాడ–సింగపూర్ విమానం అలాగే మొదలై, 2019లో ప్రభుత్వం మారాక నిలిచిపోయింది. విశాఖకు కూడా విదేశీ సర్వీసులు రావడం, కొన్నాళ్లకు ఆగడం అలవాటైపోయింది. 2017లో మొదలైన కొలంబో విమానం అలా పోయినదే. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట కొత్త విమానాశ్రయం నేపథ్యంలో రాయితీల కోరిక మళ్లీ బలంగా వినబడుతోంది. సింగపూర్ మీదుగా ఆస్ట్రేలియాకో అమెరికాకో వెళ్లే విద్యార్థులకు, వ్యాపారులకు, పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులకు నేరు విమానం గొప్ప సౌకర్యమే, దాన్ని కాదనను. కానీ దానికి పర్యాటక ప్రోత్సాహమని పేరు పెట్టినప్పుడు మాత్రం అడగాలి: సీటులో కూర్చున్నది వచ్చేవాడా, పోయేవాడా? బయటికి పోయే కుటుంబాలతోనే విమానం నిండితే, మిగిలిన సీట్ల లోటును మన ఖజానా కడితే, పటాయా హోటల్‌కు బేరం కుదిర్చి పెట్టి, తరుగు కూడా మనమే భరించినట్టు. రాష్ట్ర ప్రభుత్వం కూడా మా తోడల్లుడి లాగే మొదటి పద్దు కింద గీతలు గీసుకుంటోంది.

కుటుంబాల విషయానికొస్తే, వీసా కన్నా బరువైన పద్దులు వేరే ఉన్నాయి. అన్నిటికన్నా ముందు రూపాయి. 2023లో డాలరుకు 83 చిల్లర ఉన్నది 2025 డిసెంబరులో 90 దాటింది. మారకం ఒక్కటే యాత్రను ఎనిమిది శాతం వరకు ప్రియం చేయగలదు, అంటే మాఫీ అయిన థాయ్ వీసా కంటే ఎక్కువ. ఆ పైన టీసీఎస్. 2023 అక్టోబరు నుంచి విదేశీ ప్యాకేజీ మీద 7 లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతం వసూలు చేశారు. 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 10 లక్షలైంది. 2026 ఫిబ్రవరి బడ్జెట్‌లో మొత్తంతో సంబంధం లేకుండా 2 శాతానికి దించుతామన్నారు. ఇది పోయే డబ్బు కాదు. కట్టినవారి పాన్ మీద ఆదాయపన్ను శాఖ పట్టిక 26ఏఎస్‌లో కనిపిస్తుంది, రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. మా తోడల్లుడు ఆ 5,250ని ఖర్చుగా రాసేసి ఊరుకున్నారు. చెప్పాక వెతికి, ఆ ఏడు రిటర్నులో చూపించుకున్నారు. ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ రాయితీ)లో విదేశం కూడా కలిపేద్దామనుకునే ఉద్యోగులకు మాత్రం ఆశ లేదు. విదేశీ మజిలీ ఉన్న ప్రయాణానికి పన్ను మినహాయింపు చెల్లదని సుప్రీంకోర్టు 2022 నవంబరులో స్టేట్ బ్యాంక్ కేసులో తేల్చేసింది.

కార్డు గీసేటప్పుడు అక్కడి యంత్రం ‘రూపాయల్లో కడతారా’ అని మర్యాదగా అడుగుతుంది. ఆ దేశపు కరెన్సీలోనే కడతామనాలి, లేకపోతే మారకం రేటు దుకాణం వైపు బ్యాంకు ఇష్టం. శ్రీలంకలోనూ మారిషస్‌లోనూ 2024 ఫిబ్రవరి నుంచి యూపీఐ నడుస్తోంది. థాయ్‌లాండ్‌కు 2025 మే నుంచి ముందుగా నింపవలసిన డిజిటల్ అరైవల్ కార్డుకు రుసుమేమీ లేదు. దానికి డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా ప్రభుత్వానిది కాదు. ఇక వీసా మాఫీలు ఏ ప్రభుత్వమైనా ఒక ప్రకటనతో ఇచ్చి మరో ప్రకటనతో తీసేయగలిగినవి కాబట్టి, టికెట్ కొనే రోజున ఆ దేశ రాయబార కార్యాలయం వెబ్‌సైటు చూడటం తప్పదు.

రాష్ట్రం రాయితీ ఇచ్చి తీరాలనుకుంటే, 2024 డిసెంబరులో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చిన కొత్త విధానం ఎలాగూ ఉంది. ఖాళీ సీట్లకు కాక, కొలంబోలోనూ బ్యాంకాక్‌లోనూ అమ్ముడై విశాఖలో కనీసం రెండు రాత్రుల బసతో ముడిపడిన టికెట్‌కు ఆ సొమ్ము ఇవ్వవచ్చు. అదీ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అరకులో చలి, సముద్రం మీద నుంచి చల్లగాలి ఉన్న నాలుగు నెలలకే. ఒప్పందంలో ఆ ఒక్క షరతు రాయడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.